పెంటలో వేలిముద్రలు తీసుకుంటున్నరు: చెంచుల హక్కు పత్రాలు తేలకముందే తరలింపు కాగితాలా?

అమ్రాబాద్_టీచరమ్మ
ఆదివారం, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. నేను నల్లమల అడివిల అమ్రాబాద్ దిక్కు లోపలి పెంటల్లో, అంటే చెంచుల చిన్న గూడేలల్ల, నాలుగేండ్ల సంది పిల్లలకు చదువు చెప్తున్న. పెంట పేరు ఇక్కడ రాయను, ఏమనుకోకండి.

పోయిన వారం ఇద్దరు మనుషులు బండి మీద వచ్చిన్రు. ఇంటింటి సర్వే అని చెప్పి, ఇరవై రెండు ఇండ్లల్లో పదిహేడు ఇండ్ల పెద్దల దగ్గర వేలిముద్రలు తీసుకున్నరు. కాగితం తెలుగులనే ఉంది గానీ ఎవరికీ చదివి వినిపించలే. ఒక్క ముసలాయన మాత్రం "నా మనుమరాలు చదివినంక వేస్త" అని కూసున్నడు. ఆ పిల్ల నా దగ్గర ఐదో తరగతి. గుడిసె ముందట నిలబడి సగం చదివిందంట, అంతల వాళ్లు కాగితం గుంజుకున్నరు. సాయంత్రం నా దగ్గరికొచ్చి అడిగింది: "టీచరమ్మా, స్వచ్ఛందంగా అంటే ఏంది?"

ఆ మాట ఎక్కడ చూసినవే అంటే, "స్వచ్ఛందంగా తరలి వెళ్లుటకు" అని ఉన్నదని చెప్పింది.

రాత్రంతా నిద్ర పట్టలే. ఆ పదిహేడు మందికి తాము దేనికి ఒప్పుకున్నరో తెల్వదు. అడివి మీద ఊరందరి సామూహిక హక్కుల కోసం 2009ల ఒక దరఖాస్తు పెట్టినమని పెద్దలంటరు. దానికి రసీదు లేదు, జవాబు లేదు. ఇప్పుడు నేనేం చేయాలె? ఆ వేలిముద్రలు చెల్లుతయా? తెలిసినోళ్లు చెప్పండి.

పాలమూరు_వకీలు
ఆదివారం, రాత్రి 10.05

అమ్మా, ముందు ఆ పాప ప్రశ్నకే జవాబు చెప్తాను. అసలు విషయమంతా అందులోనే ఉంది. చట్టం దృష్టిలో స్వచ్ఛందంగా అంటే విషయం పూర్తిగా తెలిసి, కాదనే వీలుండి కూడా ఒప్పుకోవడం. చదవకుండా వేయించిన వేలిముద్ర ఆ కొలతకు తూగదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణలో 38వి అనే సెక్షన్ ఉంది. పులుల అభయారణ్యం నుంచి గిరిజనులను తరలించాలంటే ఏమేం జరిగి ఉండాలో అందులో వరుసగా రాశారు. మొట్టమొదటిది, ఆ ప్రాంతంలో అటవీ హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. మనుషులు అక్కడ ఉంటే పులికి, దాని ఆవాసానికి పూడ్చలేని నష్టం జరుగుతుందని నిపుణులతో, స్థానికులతో సంప్రదించి తేల్చాలి. కలిసి బతికే మార్గం వేరే ఏదీ లేదని కూడా తేల్చాలి. పునరావాస ప్యాకేజీ సిద్ధం కావాలి. దానికి గ్రామసభ అన్నీ తెలిసి రాతపూర్వకంగా సమ్మతించాలి, విడిగా కుటుంబాలు కూడా ఒప్పుకోవాలి. వెళ్లబోయే చోట భూమి, వసతులు ముందే ఏర్పాటు కావాలి. ఇవి కాకపోతే వాళ్ల హక్కుల జోలికి పోరాదని అదే సెక్షన్ చివర ఉంది.

అటవీ హక్కుల చట్టం 2006 కూడా ఇదే చెప్తుంది. గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ వాళ్ల ఆధీనంలోని అటవీ భూమి నుంచి ఖాళీ చేయించరాదు. అది నాలుగో సెక్షన్ ఐదో ఉపవిభాగం. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి, ఆఫీసుల్లో పనికొస్తుంది.

నాకు మూడు సంగతులు చెప్పండి. పెంటకు సొంతంగా గ్రామసభ జరిగిందా, లేక దూరంగా ఉన్న పంచాయతీలో కూర్చుని తీర్మానం రాశారా? అటవీ హక్కుల కమిటీ ఉందా? ఎవరికైనా విడిగా హక్కు పత్రం వచ్చిందా?

చెంచు_బిడ్డ
ఆదివారం, రాత్రి 11.48

టీచరమ్మా, మీరు ఏ పెంట అనేది నాకు సమజైంది. మా మేనత్తను ఇచ్చిన ఊరు అదే. నేను మన్ననూర్ల ఉంటున్న, బీఈడీ చేసిన. మా ఇంట్ల బడికి పోయింది నేనే మొదలు.

కాగితం సంగతి మాకు కొత్త గాదు. నన్ను బడిల చేర్చిన్నాడు పుట్టిన తారీఖు అడిగిన్రు. మా అమ్మ "ఇప్పపువ్వు రాలేటప్పుడు" అన్నది. సారు జూన్ 1 అని రాసిండు. మా తరగతిల పదకొండు మందిమి, అందరి పుట్టినరోజూ జూన్ ఒకటే. ఇంటిపేరు కూడా ఆయనకు నోరు తిరిగినట్టు రాసిండు. ఆ తప్పు పట్టుకొని డిగ్రీల చేరేటప్పుడు కుల ధ్రువీకరణ పత్రం కోసం ఎనిమిది నెలలు తిరిగిన. ఆధార్ల ఒకటి, రేషన్ కార్డుల ఒకటి, మెమోల ఒకటి. నేను చెంచునని నేనే రుజువు చేసుకోవాల్సొచ్చె.

ఇంకొక మాట. కొందరు బయటోళ్లు "పెంట" అంటే నవ్వుతరు, చెత్తకుప్ప అనుకొని. మాకు పెంట అంటే గుడిసెలు, పక్కన నీళ్ల చెలమ, దేవుడి చెట్టు, తేనె కొండ, గడ్డలు దొరికే జాగ, చచ్చినోళ్లను పెట్టిన చోటు. ఇంతా కలిపి పెంట. ఇంటికి పదిహేను లక్షలు ఇచ్చి తరలిస్తమనేటోళ్లు గుడిసెలనే లెక్కపెడుతున్నరు.

అడవి_నడక
సోమవారం, ఉదయం 7.30

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. నేను కల్వకుర్తి వాణ్ణి, పదేండ్లుగా ఫరహాబాద్, మన్ననూర్ వైపు వస్తున్నాను, పులుల గణనలో వాలంటీరుగా పని చేశాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్ల పైన ఉంది. పిల్లల తల్లి పులికి అలికిడి లేని అడవి కావాలి. ఎండాకాలం మంటలు, కుక్కలు, పశువులు, రోడ్డు, వీటి మధ్య అది బతకదు.

ఇంకో వైపు చూడండి. కుటుంబానికి ఇచ్చే పరిహారం 2021లో పది లక్షల నుంచి పదిహేను లక్షలు చేశారు. పద్దెనిమిది దాటిన కొడుకును వేరే కుటుంబంగా లెక్కిస్తారు. బయట బడి ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది. తరతరాలు అడవిలోనే ఉండిపోవాలని మనం కోరుకోవడం వాళ్లకు మేలు చేసినట్టా? మోసంతో వేలిముద్ర తీసుకోవడం తప్పే, అందులో వాదన లేదు. కానీ తరలింపే అన్యాయం అంటే నేను ఒప్పుకోను.

ఏఎన్ఎం_అక్క
సోమవారం, మధ్యాహ్నం 2.10

నేను పదిహేనేండ్లు నర్సుగా పెంటలు తిరిగిన మనిషిని. అడవి_నడక గారు చెప్పిన ఆసుపత్రి మాట నిజం. వానకాలంల ఒక బాలింతను మంచానికి కట్టి ఏడు కిలోమీటర్లు మోసుకొచ్చినం. అంబులెన్సు వాగు అవతలనే ఆగింది. పిల్ల దక్కింది, తల్లి దక్కలే. ఆ రాత్రి ఆమె చెల్లెలు నాతోటి "అక్కా, మమ్ముల రోడ్డు కాడికి తీసుకపో" అని ఏడ్చింది.

అందుకే చెప్తున్న, పోతమనే ఆడోళ్లు కూడా ఉన్నరు. వాళ్ల మాట మనం మింగేయొద్దు. కానీ వాళ్లు అడిగింది రోడ్డు, నర్సు. ఊరు ఇడిచిపెడతమని అడగలే. రెండింటినీ ఒకటి చేసి, రోడ్డు కావాలంటే ఊరు ఖాళీ చేయి అనే బేరం ఎవరు పెట్టిన్రు?

పాలమూరు_వకీలు
సోమవారం, రాత్రి 8.40

అక్కా, మీరన్నదానికి చట్టంలోనే జవాబు ఉంది, మన దగ్గర దాన్ని ఎవరూ వాడరు. అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉపవిభాగం చూడండి. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, తాగునీటి పైపు, రోడ్డు, రేషన్ దుకాణం లాంటి పదమూడు రకాల వసతులకు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు, హెక్టారుకు డెబ్బై అయిదు చెట్లకు మించి కొట్టకుండా. గ్రామసభ సిఫారసు కావాలి. అంటే నర్సు గది కోసం ఊరు ఖాళీ చేయనక్కర్లేదు.

అడవి_నడక గారూ, మీ బాధ నాకు అర్థమైంది. ఒక ఉదాహరణ చెప్తాను. కర్ణాటకలో బిళిగిరి రంగన్న కొండలు పులుల అభయారణ్యమే. అక్కడి సోలిగ గిరిజనులకు 2011లో ఆ అభయారణ్యం లోపలే సామూహిక అటవీ హక్కులు ఇచ్చారు. తేనె, ఉసిరి ఏరుకుంటూ వాళ్లు ఉన్నారు, పులులూ ఉన్నాయి. మనుషులున్న ప్రతి చోటా పులి పోతుందనేది ముందే రాసిపెట్టుకున్న తీర్పు. చట్టం ఆ తీర్పును రుజువు చేయమంటుంది, ఒక్కో చోటికి విడివిడిగా.

ప్యాకేజీ గురించి కూడా. నగదు ఒక్కటే కాదు, రెండో పద్ధతి ఉంది. అందులో కుటుంబానికి రెండు హెక్టార్ల సాగుభూమి, ఇంటి జాగ, ఇల్లు, ఊరికి వసతులు, హక్కుల పరిష్కారానికి వేరే భాగం ఉంటాయి. టీచరమ్మా, ఆ ఇద్దరు మనుషులు ఈ రెండు పద్ధతులూ చెప్పారా? చెప్పకపోతే అది తెలిసి ఇచ్చిన సమ్మతి కానే కాదు.

అమ్రాబాద్_టీచరమ్మ
సోమవారం, రాత్రి 9.55

చెప్పలే సార్. పదిహేను లక్షల మాట కూడా ఒక్కరితోనే అన్నరంట.

మీ మూడు ప్రశ్నలకు: పెంటల గ్రామసభ ఎప్పుడూ జరగలే. పంచాయతీ ఊరు పద్దెనిమిది కిలోమీటర్లు, అక్కడ చెంచు ఇండ్లు తక్కువ. కమిటీ పేర్లు ఎవరికీ తెల్వదు. నలుగురికి రెండెకరాల చొప్పున హక్కు పత్రాలు ఉన్నయి, అంతే.

చెంచు_బిడ్డ
సోమవారం, రాత్రి 11.20

ఆ రెండెకరాల కాడనే అసలు ముడి ఉంది. 2023 జూన్ల రాష్ట్రమంతా పోడు పట్టాలు ఇచ్చిన్రు, మంచిదే. దున్నుకునేటోళ్లకు అది బతుకు. కానీ మేము దున్నేటోళ్లం గాదు. మా తాత జీవితంల నాగలి ముట్టలే. తేనె, చింతపండు, తప్సి జిగురు, మారేడు గడ్డలు, కుంకుడుకాయ, ముష్టి గింజలు, మోదుగాకు, ఇవే మా పంట. అవి రెండెకరాలల్ల మొలవయి. గిరిజన సహకార సంస్థ డిపోకు తేనె అమ్ముకొని బియ్యం తెచ్చుకునేటోనికి, రెండెకరాల రాళ్ల భూమి ఇచ్చి "నీ హక్కు తేలిపోయింది" అంటే ఎట్ల?

తేనె తీసుడు చూసిన్రా ఎవరన్న? కొండ అంచు మీదికెళ్లి తాడు కట్టుకొని కిందికి దిగుతడు. కింద లోయ. పైన తాడు పట్టేది బామ్మర్ది. అన్నదమ్ములకు గూడ ఇయ్యరు ఆ తాడు. బామ్మర్ది చెయ్యి వదిలితే వాని చెల్లె ముండమోస్తది గద, అందుకే వాడు వదలడు. మా పెద్దలు తాడు ఎవరి చేతికియ్యాల్నో అంత ఆలోచన చేసిన్రు. మరి కాగితం తెచ్చిన అపరిచితుని చేతికి ఊరంతా ఇచ్చేస్తరా? అడగలే గనక ఇచ్చిన్రు. అడిగే అలవాటు మాకు ఎవరూ నేర్పలే, అడిగినోన్ని చెక్‌పోస్టు కాడ నిలబెట్టుడే చూసినం.

అన్నా అడవి_నడక, మంటల గురించి. మంట కనబడితే కొమ్మలు పట్టుకొని ముందు ఉరికేది మా పోరగాండ్లు. బేస్ క్యాంపులల్ల వాచర్లుగా రాత్రింబవళ్లు పులి అడుగులు చూసేటోళ్లల్ల మావోళ్లు మస్తు మంది ఉన్నరు. పులిని కాపాడే పనికి మేము పనికొస్తం, పులి ఉన్న అడివిల ఉండటానికి పనికిరామా?

తండా_దేవరకొండ
మంగళవారం, ఉదయం 6.50

అన్నా, నేను లంబాడిని, దేవరకొండ దిక్కు తండా మాది. ఒక మాట దాచకుండ చెప్త. మన రెండు జాతుల నడుమ మనసుల ఒక గీత ఉంది. గిరిజనుల పేరు మీద వచ్చే ఉద్యోగాలు, సీట్లు మావోళ్లకు దొరికినంత మీకు దొరకలే. అది నిజం. మేము దాన్ని ఒప్పుకోకుంట "గిరిజనులమంతా ఒక్కటే" అంటే మీకు మండుతది, మండాలె గూడ.

అయినా ఈ విషయంల మీ పక్కన నిలబడుతున్నం. మా తాతల తండా నాగార్జునసాగర్ నీళ్ల కింద పోయింది. మా నాయనమ్మ చచ్చిందాక కట్ట మీద నిలబడి నీళ్లల్లకు చేయి చూపించి "అగో ఆడ మన చింతచెట్టు" అనేది. ఇస్తమన్న భూమి కొందరికొచ్చె, కొందరికి కాగితమే మిగిలె. కాగితం దాచుకున్న పెట్టె మా ఇంట్ల ఇప్పటికీ ఉంది.

లంబాపూర్, పెద్దగట్టుల యురేనియం తవ్వుతమన్నప్పుడు, 2003ల ప్రజాభిప్రాయ సేకరణకు మా నాయన నడిచిపోయిండు. మాట్లాడరాదు, కానీ మైకు అడిగి వద్దన్నడు. 2019ల నల్లమలల యురేనియం సర్వే అన్నప్పుడు చెంచులు, లంబాడోళ్లు, రైతులు, పట్నం పిల్లలు అందరు కలిసి లేస్తే, ఆ సెప్టెంబర్ల అసెంబ్లీ గూడ వద్దని తీర్మానం చేసె. ఆనాడు అడివిని కాపాడినోళ్లు చెంచులని పేపర్లల్ల రాసిన్రు. ఇప్పుడు అదే చెంచు అడివికి అడ్డమా?

రిటైర్డ్_పంతులు
మంగళవారం, మధ్యాహ్నం 12.15

నేను అచ్చంపేటలో పనిచేసి విరమించిన పంతుల్ని. టీచరమ్మకు పనికొచ్చే ఒక పాత సాక్ష్యం చెప్తాను.

గిరిజన ప్రాంతాలను గుర్తించే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద 1950 డిసెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో అప్పటి అచ్చంపేట తాలూకాలోని షెడ్యూల్డ్ గ్రామాల పట్టిక ఉంది. అమ్రాబాద్, మన్ననూరు, పదర, మద్దిమడుగు లాంటి ఊళ్లే కాదు, అప్పాపూర్, రాంపూర్, సార్లపల్లి, వటవర్లపల్లి, మేడిమల్కల, తాటిగుండాల, కొల్లంపెంట, ఇలా పెంటలకు పెంటలు పేరుపేరునా ఉన్నాయి. ఇంగ్లీషులో ఊళ్ల పేర్ల అక్షరాలు చాలా తప్పుపోయాయి, జాగ్రత్తగా చదువుకోవాలి. అటవీ హక్కుల చట్టం గిరిజనులను అడిగేది 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఉన్నారా అని. గణతంత్రం పుట్టిన ఏడాదే ప్రభుత్వం తన చేత్తో ఆ పెంటల పేర్లు రాసుకుంది. పులుల అభయారణ్యం ఆ తర్వాత ముప్పై ఏండ్లకు గాని రాలేదు.

ఇంకా వెనక్కి పోతే, 1940లో హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త ఈ కొండల్లో చెంచులతో పాటు ఉండి వాళ్ల జీవితాన్ని నమోదు చేశాడు. ఆ పెంటల్లో కొన్నింటి పేర్లు ఇప్పటికీ మారలేదు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ పట్టిక తీసి పెంటల్లో చదివి వినిపించాలనే ఆలోచనే రాలేదు. పిల్లలు బడికి రావడం లేదని తిట్టాను. అది ఇప్పుడు గుచ్చుకుంటుంది.

అడవి_నడక
మంగళవారం, సాయంత్రం 6.05

పంతులు గారూ, ఆ ఉత్తర్వు సంగతి నాకు తెలియదు. ధన్యవాదాలు. చెంచు_బిడ్డ అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు, వాచర్లు లేకుండా నేను ఒక్క అడుగు కూడా అడవిలో వేయలేదు.

అయినా ఒకటి అడుగుతాను. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ అన్ని రాష్ట్రాలకూ ఉత్తరం రాసింది. దేశమంతా పులుల అభయారణ్యాల నడిమి కోర్ ప్రాంతాల్లో 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, తరలింపుకు కాలపట్టిక ఇవ్వమని. ఒత్తిడి పైనుంచే ఉంది. రేపు నిజంగానే వెళ్లాలనుకునే ఇరవై కుటుంబాలను గ్రామసభ ఆపగలదా? ఆపడం న్యాయమా?

చెంచు_బిడ్డ
మంగళవారం, రాత్రి 10.30

ఆపొద్దు అన్నా. పోయేటోన్ని పోనియ్యాలె. మా చిన్నాయన పోయిండు, ఎవరు ఆపలే. కిందికి దిగి ఒక ఆసామి కాడ పదివేలు అడ్వాన్సు తీసుకొని జీతమున్నడు. ఆ పదివేలు మూడేండ్లైనా తీరలే. పండుగకు ఇంటికి రానియ్యలే. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976 నాటిదని నాకు చదువుకున్నంకనే తెలిసింది, అప్పటికి చిన్నాయన లేడు. అడివి ఇడిచినంక చేతుల ఏమీ లేకపోతే ఏం జరుగుతదో మేము చూసినం. 2024ల కొల్లాపూర్ దిక్కు ఒక చెంచు ఆడిమనిషి మీద జరిగిన హింస మీ అందరికీ యాదికుంది గద. కూలికి పోనన్నదని అంత పని చేసిన్రని అప్పుడు పేపర్లల్ల వచ్చె.

నేననేది ఒక్కటే. ముందు హక్కు తేలాలె. ఊరంతటి అడివి మీద సామూహిక హక్కు, చెంచు జాతికి ఆవాస హక్కు మా చేతుల పెట్టినంక పోయేటోడు పోతడు, ఉండేటోడు ఉంటడు. పోయేటోడు గూడ తల ఎత్తుకొని, తన హక్కుకు వెల కట్టించుకొని పోతడు. ఉత్త చేతులతోటి ఒప్పుకున్నోని ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

పాలమూరు_వకీలు
మంగళవారం, రాత్రి 11.15

చెంచు_బిడ్డ అన్న ఆవాస హక్కు చాలామందికి తెలియదు, కాస్త వివరిస్తాను. దేశంలో ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలు 75 ఉన్నాయి. మన రాష్ట్రంలో చెంచులు, కోలాములు, తోటీలు, కొండరెడ్లు. వీళ్ల కోసమే చట్టంలో మూడో సెక్షన్ మొదటి ఉపవిభాగం 'ఇ' అని ఉంది. ఇల్లు, పొలం కాకుండా వాళ్ల సంచారం, దేవుళ్లు, తిండి, మందుమొక్కలు ఉన్న మొత్తం ప్రాంతం మీద హక్కు అది. మధ్యప్రదేశ్ దిండోరీ జిల్లాలో బైగా గిరిజనులకు మొదట వచ్చింది. 2023 నవంబర్‌లో పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం మొదలయ్యాక ఈ సమూహాలకు ఇండ్లు, రోడ్లు అంటున్నారు, సంతోషం. కానీ ఆ ఇల్లు ఏ నేల మీద కడతారన్నది ఈ హక్కే చెప్తుంది.

ఇక పని. టీచరమ్మా, షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీల చట్టాన్ని గిరిజన ప్రాంతాలకు విస్తరించిన పెసా చట్టం 1996 ప్రకారం పెంట తానే గ్రామసభ కాగలదు. ముందు పెంటలోనే సభ పెట్టించండి. పెద్దల్లో సగం మందికి తగ్గకుండా ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. పది నుంచి పదిహేను మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోండి, అందులోనూ మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఫారం బి తేనె, గడ్డలు, నీళ్ల లాంటి సామూహిక హక్కులకు. ఫారం సి అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కుకు. పటం చేత్తో గీసినా సరే. సాక్ష్యాలు రెండు రకాలు చాలు, అందులో పెద్దల వాంగ్మూలం ఒకటి. ఉపగ్రహ చిత్రం లేదని, ఫలానా కాగితమే కావాలని తిప్పిపంపే అధికారం ఎవరికీ లేదు. తిరస్కరిస్తే కారణం రాసి, మనిషికి నేరుగా అందజేయాలి. అరవై రోజుల్లో అప్పీలు ఉంటుంది.

2009 దరఖాస్తు ఏమైందో సమాచార హక్కు కింద అడగండి. ఆర్డీఓ ఆఫీసుకు పది రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

వేలిముద్రల విషయం: పదిహేడు మందీ "చదివి వినిపించలేదు, మా సమ్మతి కాదు" అని ఒక తీర్మానంలోనే చెప్పి, ప్రతిని కలెక్టరుకు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు, అటవీ శాఖకు ఇవ్వండి. ఎవరైనా బెదిరిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2015 సవరణ తర్వాత అటవీ హక్కుల అనుభవానికి అడ్డుపడటం కూడా మూడో సెక్షన్ కింద నేరం. గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 15100కు ఫోన్ చేయవచ్చు. నేను మాత్రం ఫీజు లేకుండా వస్తాను, ఎప్పుడంటే అప్పుడు.

వేదిక_నిర్వాహకుడు
బుధవారం, ఉదయం 9.00

ఒక సభ్యుడు పెంట పేరు ఊహించి రాశారు, మరొకరు అక్కడి మనుషుల ఫోటో పెట్టారు. రెండూ తీసేశాం. దయచేసి మళ్లీ పెట్టకండి. ఆ ఇండ్లవాళ్లు ఈ చర్చ చదవలేరు, వాళ్ల భద్రత మన చేతిలో ఉంది.

ఏఎన్ఎం_అక్క
బుధవారం, మధ్యాహ్నం 1.30

టీచరమ్మా, సభ పొద్దుగాల పెట్టొద్దు, ఆడోళ్లు అడివికి పోతరు. పొద్దుగూకినంక పెట్టు. నేనొస్త. మూడో సెక్షన్ రెండు కింద నర్సు గదికి, వాగు మీద దారికి గూడ అదే రోజు తీర్మానం రాయించు. ఆ బాలింత చెల్లెలు ఆ పెంటలనే ఉంది, ఆమెతోటి మాట్లాడిపిస్త.

చెంచు_బిడ్డ
బుధవారం, రాత్రి 9.10

పటం సంగతి నాకిడ్వండి. కాగితం మీద గియ్యమంటే మావోళ్లు గియ్యరు. నేల మీద ముగ్గుపిండి పోసి, రాళ్లు పెట్టమంటే పెడతరు. ఏ రాయి ఏ కొండ, ఏ పుల్ల ఏ వాగు అనేది ముసలోళ్లకు కండ్లు మూసుకున్నా తెలుసు. ఫోటో తీసి దాన్ని కాగితం మీదికి ఎక్కిద్దాం. సలేశ్వరం జాతర తొవ్వ, భౌరాపూర్ అమ్మ జాగ గూడ రాయాలె. జాతరకు లక్షల మంది వస్తరు, పూజ చేసేది మావోళ్లే, కానీ ఆ తొవ్వ మీద మా హక్కు ఏ కాగితంల లేదు.

అమ్రాబాద్_టీచరమ్మ
పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 10.45

ఆలస్యమైంది, మన్నించండి. లోపల సిగ్నల్ లేదు.

నిన్న సభ జరిగింది. నలభై ఒక్క మంది వచ్చిన్రు, అందుల ఇరవై నాలుగు మంది ఆడోళ్లు. వకీలు సారు, ఏఎన్ఎం అక్క, చెంచు_బిడ్డ, దేవరకొండ నుంచి తండా అన్న, పంతులు సారు వచ్చిన్రు. అడవి_నడక గారు గూడ వచ్చి జీపీఎస్ ఫోను ఇచ్చిన్రు. తరలింపు మీద ఆయన అభిప్రాయం మారలేదని అందరి ముందటనే చెప్పిన్రు, కానీ చదవకుండ తీసుకున్న వేలిముద్ర తప్పని సాక్షిగా సంతకం పెట్టిన్రు.

ముగ్గుపిండి పటం గుడిసెల నడుమ అంతా నిండింది. తేనె కొండలే పద్నాలుగు వచ్చినయి, ఒక్కోదానికి పేరుంది. ఒక ముసలమ్మ ఒక రాయి జరిపి "ఈ చెలమ ఎండాకాలంల గూడ ఎండదు, ఇది మరిచిన్రు" అని పెట్టింది. పంతులు సారు 1950 పట్టిక చదువుతుంటే పెంట పేరు వచ్చినకాడ అందరు ఒక్కసారి ఊకున్నరు. తర్వాత "మల్లా చదువు" అన్నరు. మూడుసార్లు చదివిచ్చిన్రు.

బాలింత చెల్లెలు లేచి, నర్సు గది ఇస్తే ఉంటనన్నది, ఇయ్యకపోతే పోతనన్నది. ఆ రెండు మాటలూ తీర్మానంల ఉన్నట్టే రాసినం. ముగ్గురు పోతమన్నరు, వాళ్ల పేర్లు గూడ రాసినం, హక్కులు తేలినంక అని.

తీర్మానం చదివింది ఆ ఐదో తరగతి పిల్లనే. కష్టమైన మాట కాడ ఆగి, నా దిక్కు చూసి, అర్థం అడిగి, వాళ్ల భాషల చెప్పింది. గంట పట్టింది. ఆమె తాత చివరిదాక విని అప్పుడు వేలు ముంచిండు.

ఇయ్యాల ఆర్డీఓ ఆఫీసుల ఇచ్చినం. ముందు "పంచాయతీ నుంచి రావాలె" అన్నరు. వకీలు సారు నిబంధన చూపించిన్రు. తీసుకున్నరు. రసీదు మీద ముద్ర సగమే పడింది, మళ్లీ వేయించుకున్న.

పాలమూరు_వకీలు
అదే రోజు, రాత్రి 11.20

రసీదు నంబరు మూడు చోట్ల రాసిపెట్టండమ్మా. ఒకటి మీ దగ్గర, ఒకటి కమిటీ పుస్తకంలో, ఒకటి ఆ పాప నోటుబుక్కులో.

చెంచు_బిడ్డ
అదే రోజు, రాత్రి 11.52

అవతలి వాగు దిక్కు ఇంకో మూడు పెంటలు కబురు పంపినయి. వచ్చే మంగళవారం మొదటిదానికి పోతున్నం. ముగ్గుపిండి నేను తెస్త, తెలుగు చదివే ఆడపిల్లలు ఎవరన్న ఇద్దరు కావాలె. అక్కడ బడి లేదు.